కంప్యూటరు తెరపై కిటికీలు - వాటి కట్టుబాట్లు

నెల్లూరు తీరములో కండలేరు సముద్రమును చేరే చోట కృష్ణపట్నం రేవు ఉన్నది. బయటి నుండి వచ్చిన నౌక తనకు నచ్చిన కట్ట వద్దకు తిన్నగా పోయి నిలవడానికి వీలులేదు. ఏ నౌక ఎక్కడ నిలవవలెనో, ఏది ముందు రావలెనో, ఏది వేచి ఉండవలెనో రేవు అధికారులు నిర్ణయిస్తారు. నౌక నాయకుడు తన కోరికను తెలుపుకొనవచ్చును. తుది నిర్ణయము మాత్రము రేవుది. అట్లే, నౌకలోని సరుకు మంచిదా చెడ్డదా అన్న బాధ్యత రేవుది కాదు. అది సరుకు పంపినవారిది.

కంప్యూటరు తెర మీద కూడ ఇట్టి ఏర్పాటే ఉన్నది. ఉత్తరము వ్రాసే ప్రోగ్రాము ఒకటి, లెక్కలు కట్టేది ఒకటి, పటము చూపేది ఒకటి - ఒక్కొక్కటి దీర్ఘచతురస్రాకారపు గడిలో కనబడుతుంది. ఈ గడినే విండో, అనగా కిటికీ అంటారు. తెర ఒక్కటే, కిటికీలు అనేకము. ఏ కిటికీ పైన ఉండవలెను, ఏది క్రింద ఉండవలెను, దాని చుట్టూ అంచు ఎంత, పైన పేరు వ్రాసే పట్టీ ఉండవలెనా అక్కరలేదా అన్న విషయములను ఆ ప్రోగ్రాములు తమంత తాము తేల్చుకొనవు. ఆ పనికి ప్రత్యేకముగా మరొక ప్రోగ్రాము ఉంటుంది. దాని పేరు విండో మేనేజరు.

ఈ మేనేజరుకు ఆజ్ఞలు ఎవరిస్తారు? వాటిని ఎక్కడ వ్రాసి ఉంచుతారు? రెండు ఆజ్ఞలు ఒకదానికొకటి విరుద్ధమైతే ఏది చెల్లుతుంది? ఒకే కంప్యూటరును పదిమంది విద్యార్థులు వాడుకొనే పాఠశాలలో ఈ మూడవ ప్రశ్న చాల ముఖ్యమైనది.

యంత్రాంగము వేరు, విధానము వేరు

1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెట్టిస్ అనువారలు ‘ఎక్స్’ అనే విండో వ్యవస్థకు రూపకల్పన చేసిరి. 1987 సెప్టెంబరులో దాని పదకొండవ రూపము వెలువడినది. లినక్సు కంప్యూటర్లలో చాల కాలము రాజ్యమేలినది, ఇప్పటికీ అనేక చోట్ల వాడుకలో ఉన్నది ఈ రూపమే.

ఎక్స్ సర్వరు చేసే పని ఇంతే: తెర మీద గీతలు గీయుట, రంగులు నింపుట, మీటల పలక మీద నొక్కిన మీటను, మౌసు కదలికను సంబంధించిన ప్రోగ్రాముకు అందజేయుట. కిటికీ ఎట్లుండవలెనను విధానమును దాని నిర్మాతలు బుద్ధిపూర్వకముగా సర్వరు బయట ఉంచిరి. ఆ విధానమును నిర్ణయించేదే విండో మేనేజరు. కనుక ఒకరికి ఒక మేనేజరు నచ్చకపోతే సర్వరును గాని ఇతర ప్రోగ్రాములను గాని ముట్టుకొనకుండ మేనేజరును మాత్రము మార్చుకొనవచ్చును. 1987లో టామ్ లాస్ట్రేంజ్ వ్రాసిన ‘టిడబ్ల్యుఎం’, 1997లో మార్కో మాచెక్ ప్రారంభించిన ‘ఐస్ డబ్ల్యుఎం’ ఇట్టివే. ఇవి రెండును కొద్దిపాటి జ్ఞాపకశక్తి గల పాత కంప్యూటర్ల మీద కూడ తేలికగా నడుస్తాయి. మూలకు చేర్చిన యంత్రమును మరల పనిలోకి తేదలచిన పాఠశాలకు ఇది గమనించదగిన విషయము.

మేనేజరు లేకుండ ఎక్స్‌ను నడిపి చూచినచో దాని విలువ తెలుస్తుంది. కిటికీలు తెరచుకుంటాయి; కాని పైన పేరుపట్టీ ఉండదు, పట్టుకొని లాగడానికి అంచు ఉండదు. వేరుగా కోరని కిటికీలన్నీ ఎడమవైపు పై మూలలో ఒకదానిపై ఒకటి పడుతాయి. నియంత్రణ లేని రేవులో నౌకలన్నీ ఒకే కట్టకు చేరినట్లుంటుంది.

ఆదేశపంక్తి

కిటికీకి గాని మేనేజరుకు గాని మాట చెప్పడానికి మొదటి మార్గము ఆదేశపంక్తి, అనగా కమాండ్ లైను. ప్రోగ్రాము పేరును టైపు చేసి, దాని తరువాత అడ్డుగీతతో మొదలయ్యే చిన్న మాటలను చేర్చుతారు. ఈ మాటలను ఆప్షన్లు అంటారు. వీటిని చేర్చకపోయినను ప్రోగ్రాము నడుస్తుంది. చేర్చినచో ఆ ఒక్కసారికి చెప్పినట్లు నడుస్తుంది.

ఎక్స్ ప్రోగ్రాములలో చాలవాటికి ‘జామెట్రీ’ అనే ఆప్షను ఉన్నది. ‘ఎక్స్‌టెర్మ్’ అనే ప్రోగ్రాముకు ఈ ఆప్షనుతో 80, 24, +100, +50 అనే నాలుగు సంఖ్యలు ఇచ్చినామనుకొందాము. వరుసకు 80 అక్షరాలు, మొత్తము 24 వరుసలు పట్టే కిటికీ కావలెననియు, అది తెర ఎడమ అంచుకు 100, పై అంచుకు 50 బిందువుల దూరములో నిలవవలెననియు దీని అర్థము. +100కు బదులు -100 వ్రాసినచో దూరమును కుడి అంచు నుండి లెక్కకట్టుతారు. గణితములో అక్షముల దిశను నేర్చుకొన్న విద్యార్థికి ఇది కొత్త కాదు. పై నుండి క్రిందికి పోయేకొలది సంఖ్య పెరుగుతుందన్న ఒక్క తేడా గుర్తుంచుకొనవలెను.

అయితే ఇది కోరికయే గాని శాసనము కాదు. నౌక నాయకుని కోరికను రేవు మన్నించినట్లు, ఈ కోరికను మేనేజరు సాధారణముగా మన్నిస్తుంది. మన్నించవద్దని దానికి ముందే చెప్పి ఉంటే మన్నించదు.

మేనేజరుకు కూడ తన ఆప్షన్లున్నాయి. టిడబ్ల్యుఎం‌కు ఇచ్చే ‘ఎఫ్’ అనే ఆప్షను, అమరికలను ఫలానా ఫైలు నుండి చదువుమని చెబుతుంది. ‘డిస్‌ప్లే’ అనేది ఏ సర్వరును, ఏ తెరను పాలించవలెనో చెబుతుంది. ‘వి’ అనేది, దోషమేదైన ఎదురైనప్పుడు ఆ సంగతిని వ్రాసి చూపుమని చెబుతుంది.

అమరిక ఫైలు

ప్రతి ఉదయము ఇవన్నీ టైపు చేయుట సాధ్యము కాదు. అందుచేత శాశ్వతముగా ఉండవలసిన మాటలను అమరిక ఫైలులో వ్రాసి ఉంచుతారు. ఇది మామూలు అక్షరాల ఫైలే. ఎవరైనను తెరచి చదువవచ్చును. ప్రతి విద్యార్థికి ఉండే సొంత ఖాతాలో, చుక్కతో మొదలయ్యే పేరుతో ఇది ఉంటుంది. చుక్కతో మొదలైన పేర్లు మామూలు జాబితాలో కనబడవు కనుక చాలమందికి ఇవి ఉన్నట్లే తెలియదు.

టిడబ్ల్యుఎం తన అమరికను ఈ వరుసలో వెదకుతుంది. మొదట, ఆదేశపంక్తిలో ఫైలు పేరు చెప్పినారా అని చూస్తుంది. లేనిచో వాడుకరి సొంత ఖాతాలో, ఆ తెర సంఖ్యతో కూడిన ఫైలును, అదియు లేనిచో సంఖ్య లేని సొంత ఫైలును చూస్తుంది. చివరకు కంప్యూటరుకంతకు ఉమ్మడిగా ఉంచిన ఫైలును తీసుకుంటుంది. ఐస్ డబ్ల్యుఎం కూడ అట్లే తన ‘ప్రిఫరెన్సెస్’ ఫైలును మొదట సొంత ఖాతాలో, తరువాత ఉమ్మడి స్థానములలో వెదకుతుంది. ఏ ఫైలులోను చెప్పని విషయమునకు, ప్రోగ్రాములోనే నిర్మాతలు పొందుపరచిన విలువ వర్తిస్తుంది.

ఏ మాట చెల్లుతుంది?

దీనినుండి ఒక సామాన్య సూత్రము తేలుతున్నది. అందరికీ చెప్పిన మాటకంటె ఒకరికి చెప్పిన మాట బలమైనది. ఎల్లప్పటికీ చెప్పిన మాటకంటె ఈ ఒక్కసారికి చెప్పిన మాట బలమైనది. నిర్మాతల విలువకంటె ఉమ్మడి ఫైలు, దానికంటె సొంత ఫైలు, దానికంటె ఆదేశపంక్తి ముందు నిలుస్తాయి.

కాని ఇక్కడ పొరపడడానికి రెండు చోట్లున్నాయి.

మొదటిది: టిడబ్ల్యుఎం సొంత ఫైలును, ఉమ్మడి ఫైలును కలిపి చదువదు. మొదట దొరికిన దానిని చదివి అక్కడితో ఆగుతుంది. అంచు రంగు మార్చదలచి ఒక విద్యార్థి ఒకే ఒక వరుసతో సొంత ఫైలు తయారు చేసినాడనుకొందాము. రంగు మారుతుంది, కాని ఉమ్మడి ఫైలులోని మెనూలు, మీటల ఏర్పాట్లు అతనికి మాయమవుతాయి. యంత్రము చెడలేదు; ఉమ్మడి ఫైలును అది చూడనే లేదు. కనుక ఉమ్మడి ఫైలును పూర్తిగా నకలు చేసుకొని, ఆ నకలులో ఒక్క వరుసను మార్చుట సరియైన పద్ధతి. దీనికి మరొక ఫలితము కూడ కలదు. నకలు చేసుకొన్న తరువాత ఉపాధ్యాయుడు ఉమ్మడి ఫైలులో చేసిన మార్పు ఆ విద్యార్థికి చేరదు.

రెండవది: ఐస్ డబ్ల్యుఎం‌లో తెర అలంకారమును నిర్ణయించే ‘థీము’ ఫైలును ప్రిఫరెన్సెస్ తరువాత చదువుతారు. వెనుక చదివినది ముందటి దానిని త్రోసివేస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో ఎన్నిసార్లు రంగు మార్చినను తెర మీద మారకపోతే కారణము ఇదే కావచ్చును. థీమును కూడ దాటవలసిన మాటలను ‘ప్రిఫ్ ఓవర్‌రైడ్’ అనే మరొక ఫైలులో వ్రాయవలెను. అన్నిటికంటె చివర చదివేది దానినే.

తుఫాను హెచ్చరిక కిటికీ

ఈ వివరములు అలంకారమునకు మాత్రమే పనికివచ్చునని తలచరాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నెల్లూరు తీరము వెంబడి ఉత్తరముగా సాగి, 5వ తేదీన బాపట్ల సమీపమున తీరమును దాటినది. ఇట్టి సమయములో మైపాడు, జువ్వలదిన్నె వంటి తీరగ్రామములకు వాతావరణ శాఖ హెచ్చరికలును, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రము ఇచ్చే అలల సమాచారమును ప్రాణాధారములు.

ఒక తీరగ్రామపు పాఠశాలలో పెద్ద తెర మీద ఈ హెచ్చరికను చూపదలచినారనుకొందాము. అదే కంప్యూటరు మీద విద్యార్థులు లెక్కలు కూడ చేస్తున్నారు. లెక్కల కిటికీ హెచ్చరికను కప్పివేసినను, ఎవరో తెలియక దానిని మూసివేసినను అపాయమే. ఐస్ డబ్ల్యుఎం‌లో ‘విన్ ఆప్షన్స్’ అనే ఫైలు ఇందుకు ఉపకరిస్తుంది. ఒక్కొక్క కిటికీకి ఒక వర్గపు పేరు ఉంటుంది. ‘ఎక్స్‌ప్రాప్’ అనే పరికరముతో కిటికీ మీద నొక్కి ఆ పేరును తెలుసుకొనవచ్చును. ఆ పేరు వ్రాసి, దాని ప్రక్కన అది ఎల్లప్పుడు ఇతర కిటికీల పైననే ఉండవలెననియు, అన్ని పనితెరల మీదను కనబడవలెననియు, మూసే అధికారము, చిన్నదిగా ముడిచే అధికారము దానికి ఉండరాదనియు ఒక్కొక్క వరుసలో నిర్దేశించవచ్చును. ఈ మాటలను ఉమ్మడి ఫైలులో ఉంచితే, సొంత ఫైలు లేని విద్యార్థులందరికీ వర్తిస్తాయి. ఎవరికి సొంత ఫైలు ఉన్నదో పరిశీలించడము ఉపాధ్యాయుని పని.

ఇక్కడ మేనేజరు శక్తికి గల హద్దును కూడ తెలుసుకొనవలెను. అది కిటికీని పైన నిలుపుతుంది. లోపలి సమాచారము తాజాదో కాదో దానికి తెలియదు. సంబంధము తెగిపోయి, నిన్నటి హెచ్చరికయే నేడును కనబడుచుంటే మేనేజరు దానిని అంతే శ్రద్ధగా పైన నిలుపుతుంది. హెచ్చరికతోపాటు అది వెలువడిన గంటను పెద్ద అక్షరాలలో చూపుట ఆ ప్రోగ్రాము బాధ్యత. దానిని చదువుట మనుష్యుల బాధ్యత.

భయము లేని ప్రయోగము

అమరికలను మార్చేటప్పుడు మూడు జాగ్రత్తలు చాలును. మార్చక ముందు ఫైలును వేరొక పేరుతో భద్రపరచవలెను. ఒకసారికి ఒకే వరుసను మార్చవలెను. కొత్త ఫైలును వెంటనే అసలు ఫైలు స్థానములో ఉంచక, ఆదేశపంక్తిలో దాని పేరు చెప్పి పరీక్షించవలెను. టిడబ్ల్యుఎం‌లో ‘ఎఫ్’, ఐస్ డబ్ల్యుఎం‌లో ‘కాన్‌ఫిగ్’ అనే ఆప్షన్లు ఇందుకే ఉన్నాయి. పరీక్ష విఫలమైతే ఆప్షను లేకుండ మరల ప్రారంభించిన చాలును, పాత స్థితి వస్తుంది.

ఐస్ డబ్ల్యుఎం‌కు ‘రిప్లేస్’ అనే ఆప్షను కూడ కలదు. నడుస్తున్న మేనేజరును తప్పుకొనుమని చెప్పి ఇది దాని స్థానమును ఆక్రమిస్తుంది. తెరచి ఉన్న కిటికీలు పోవు. ఏలయనగా వాటి సంబంధము సర్వరుతో గాని మేనేజరుతో కాదు. రేవు అధికారి బదిలీ అయినంత మాత్రాన నౌకలు మునుగవు గదా! అయితే మేనేజరు ముగియగానే పనికాలమే ముగిసేటట్లు కొన్ని కంప్యూటర్లలో ఏర్పాటు ఉంటుంది. కనుక ప్రయోగమునకు ముందు వ్రాసినదానిని భద్రపరచుట మంచిది. ‘పోస్ట్ ప్రిఫరెన్సెస్’ అనే మరొక ఆప్షను, అన్ని ఫైళ్లను చదివిన తరువాత చివరకు ఏ విలువలు నిలిచినవో వరుసగా వ్రాసి చూపుతుంది. ఏ మాట చెల్లినదో ఊహించుకొనుటకంటె అడిగి తెలుసుకొనుట మేలు.

కాలముతో పద్ధతులు మారుతున్నాయి. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ప్రారంభించిన ‘వేలాండ్’ పద్ధతిలో సర్వరు పని, మేనేజరు పని ఒకే ప్రోగ్రాములో కలిసిపోయినవి. అక్కడ నడుస్తున్న మేనేజరును మార్చుట ఇంత సులభము కాదు. ఐనను ఉమ్మడి ఫైలు, సొంత ఫైలు, ఆదేశపంక్తి అన్న అంతస్తులు అక్కడను ఉన్నాయి. చెన్నైలోని సీ-డాక్ కేంద్రము 2007లో వెలువరించిన ‘బాస్’ లినక్సు వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ఈ ఫైళ్లను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును.

తరగతిలో చేయదగిన చిన్న ప్రయోగము ఇది. ఒకే కంప్యూటరులో ఇద్దరు విద్యార్థులకు వేరు వేరు ఖాతాలు ఇచ్చి, ఒకరికి మాత్రము సొంత అమరిక ఫైలు ఉంచవలెను. తరువాత ఉమ్మడి ఫైలులో ఒక మాట మార్చి, ఎవరి తెర మారునో ముందుగా వ్రాసుకొమ్మనవలెను. ఆపైన తెర చూచి సరిచూచుకొనవచ్చును. తప్పు వ్రాసిన విద్యార్థి కారణమును వెదకి చెప్పగలిగిన రోజున, కంప్యూటరు మాట విననప్పుడు అది ఎవరి మాట వింటున్నదో అతనికి అర్థమైనట్లే.