వీరగల్లులు

రాయలసీమ మెట్టపల్లెల పొలిమేరలలో, వేపచెట్టు నీడను, ఒక్కొక్కచోట పాతిన రాతిపలక యొకటి కనబడును. దానిపై కత్తి యెత్తిన పురుషుని బొమ్మ యుండును. ఇట్టి శిలను వీరగల్లు అందురు. వాడెవడని యడిగినచో గ్రామస్థులు పెక్కుచోట్ల "వీరుడు" అని మాత్రమే చెప్పుదురు.

వానలు తక్కువైన ఈ సీమలో పూర్వము పసులమందయే ఊరి సిరి. పగవారు ముందుగా దానినే తోలుకొనిపోయెడివారు. మందను మరలింపబోయి ప్రాణము విడిచినవానికి ఊరివారు శిల నాటించిరి. యుద్ధమున గాక, భక్తిచే ప్రాణమిచ్చిన వీరులును కలరు. కర్నూలు సీమలోని శ్రీశైలమున అట్టివారు ఆత్మార్పణము చేసికొనుటకై అనవేమారెడ్డి 14వ శతాబ్దమున వీరశిరోమండపము కట్టించెను.

పెక్కు శిలలలో బొమ్మలు మూడు వరుసలుగా నుండును. వానిని క్రిందినుండి పైకి చూడవలెను. క్రింద పోరు, నడుమ వీరుని స్వర్గమునకు గొనిపోవు అప్సరసలు, పైన శివలింగము నర్చించుచున్న వీరుడు. కొన్నింట సూర్యచంద్రులును ఉందురు. శిల్పి ఇంత చెక్కియు వీరుని ముఖపోలికను మాత్రము పట్టించుకొనలేదు. బొమ్మ చెప్పునది వాడు చేసిన పని. పేరు చెప్పవలసినది ఊరు.

దూరపు ఆఫ్రికాలోను ఇట్టి పద్ధతియే ఉండెడిది. కాంగో దేశపు హెంబా జాతివారు గతించిన తమ పెద్దలకు కఱ్ఱబొమ్మలు చెక్కెడివారు. అరమూసిన కన్నులు, ప్రశాంతమైన ముఖము, పొట్టకు ఇరువైపుల నానించిన చేతులు. అదియు పోలిక కాదు. అది ఏ పెద్దదో దానిని కాపాడు కుటుంబమే యెరిగియుండెడిది. 20వ శతాబ్దమున అట్టి బొమ్మలు పెక్కు ఐరోపా, అమెరికా ప్రదర్శనశాలలకు చేరినవి. పేర్లు చాలవరకు వెంట పోలేదు.

మన శిలలకు చెదల భయము లేదు. అయినను పేరు మరచిన శిల ఎవరికి కావలెను? కొన్ని మెట్లుగా మారినవి, కొన్ని బట్టలుతుకు బండలైనవి.

అక్షరములున్న శిలల గతి వేరు. 9వ శతాబ్దమున వైదుంబరాజు గండత్రినేత్రుని కాలమున సోరెమడి యుద్ధము జరిగెను. అందు మడిసినవారి శిలలు మదనపల్లె ప్రాంతమున దొరకినవి. వానిపై తెలుగు వ్రాత యున్నది. శాసన పరిశోధకులు ఇట్టి శిలను కడిగి, తడి కాగితము పఱచి, అది అక్షరముల గుంటలలోనికి దిగునట్లు కుంచెతో కొట్టి, పైన సిరా అద్దుదురు. నలుపు నడుమ తెల్లని అక్షరములు తేలును. వానిలో ఒక మనిషి పేరుండును.