నీటిలో తూచిన బంగారం

బంగారు నగ కొనేటప్పుడు మనం రంగు చూస్తాం, బరువు అడుగుతాం. ఈ రెండింటిలోనూ మోసానికి తావున్నది. రాగి గాజుకు బంగారు పూత పూస్తే రంగు వస్తుంది. గాజును కొంచెం లావుగా చేస్తే బరువూ వస్తుంది. మీ ఊళ్ళో సవరను అన్నా, కాసు అన్నా, తులం అన్నా అవి బరువుకు పెట్టిన పేర్లే. ఆ బరువు ఎంత చోటులో ఇమిడి ఉన్నదో అవి చెప్పవు. ఆపదలో తాకట్టు పెట్టుకోవచ్చునని దాచుకున్న గాజు లోపల రాగి అని ఆ ఆపదనాడే తెలిస్తే ఆ ఇంటివారి గతి ఏమిటి?

ఒక వస్తువు ఆక్రమించే చోటును ఘనపరిమాణం అంటారు. బరువును ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది సాంద్రత. ఒక ఘన సెంటీమీటరు నీరు 1 గ్రాము తూగుతుంది. అంతే పరిమాణం గల రాగి దాదాపు 9 గ్రాములు, వెండి 10.5 గ్రాములు, మేలిమి బంగారం 19.3 గ్రాములు తూగుతాయి.

మేలిమి బంగారాన్నే మన పెద్దలు పదహారు వన్నెల బంగారం అన్నారు. నేటి లెక్కలో అది 24 కారట్లు. అది చాలా మెత్తన. నగ చేస్తే వంగుతుంది, అరుగుతుంది. అందుకే 22 పాళ్ళ బంగారానికి 2 పాళ్ళు రాగి, వెండి కలుపుతారు. అప్పుడు సాంద్రత సుమారు 17.6 నుంచి 18 వరకు ఉంటుంది. 18 కారట్లదైతే 15, 16 మధ్య ఉంటుంది. కనుక నగకు 19.3 రాలేదని కంసాలిని అనుమానించరాదు.

ఆర్కిమెడిస్ రాజుగారి కిరీటాన్ని పరీక్షించిన కథ మీరు విన్నదే. కిరీటాన్ని ముంచితే పొర్లిన నీటిని బట్టి కల్తీ తేల్చాడంటారు. కథ బాగున్నది గాని, లెక్క వేసి చూడండి. కిలో బరువున్న కిరీటంలో 300 గ్రాములు వెండి ఉన్నా, అది మేలిమి కిరీటం కంటే 13 ఘన సెంటీమీటర్లే ఎక్కువ చోటు తీసుకుంటుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు గల పాత్రలో ఆ తేడాకు నీటి మట్టం అర మిల్లీమీటరైనా పెరగదు! ఈ పద్ధతి మోటైనదని గెలీలియో 1586లోనే భావించి, నీటిలో తూచే చిన్న త్రాసును వర్ణించాడు.

మనం చేయదగిన పద్ధతి కూడా తూచడమే. గ్రాములో నూరో వంతు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు కావాలి. గాజును తూచండి. 35.40 గ్రాములు వచ్చిందనుకోండి. తరువాత నీళ్ళ గ్లాసును త్రాసుపై ఉంచి అంకెను సున్నా చేయండి. గాజును సన్నని దారంతో వేలాడదీసి, అడుగునూ అంచులనూ తాకకుండా పూర్తిగా ముంచండి. త్రాసు 2.00 గ్రాములు చూపితే, గాజు తొలగించిన నీరు అంత. అంటే ఘనపరిమాణం 2 ఘన సెంటీమీటర్లు, సాంద్రత 17.7. ఇది 22 కారట్లకు సరిపోతుంది. 2.30 చూపితే సాంద్రత 15.4, అది 18 కారట్ల సరుకు కావచ్చు. 4 చూపితే బంగారం పైపూత మాత్రమే. గాజుకు అంటుకున్న గాలి బుడగలను ముందే తుడిచివేయాలి. లేకుంటే మంచి బంగారం కూడా తక్కువరకంగా కనబడుతుంది.

లక్క నింపిన గుండ్లకు, బోలు నగలకు, రాళ్ళు పొదిగిన వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

మరొక చిక్కు టంగ్‌స్టన్ అనే లోహం. దాని సాంద్రత 19.25. లావైన బంగారు కడ్డీలో దీనిని దాచితే నీటి పరీక్షకు దొరకదు. గీటురాయి కూడా పైపొరనే చెబుతుంది. కరిగిస్తే మాత్రం బయటపడుతుంది: బంగారం 1064 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది, టంగ్‌స్టన్‌కు 3400 డిగ్రీలు దాటాలి.

2021 జూన్ 23 నుంచి మన దేశంలో 256 జిల్లాల్లో నగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. తరువాత మరికొన్ని జిల్లాలు చేరాయి. 22 కారట్ల నగపై ఉండే 916 అంకెకు వేయి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని అర్థం. అమ్మమ్మల నాటి గాజులకు ఈ ముద్ర ఉండదు. వాటికి నీళ్ళ గ్లాసు, ఆ తరువాత కంసాలి గీటురాయి.