పురసభనుండి రాజ్యభారమునకు

మురుగుకాలువలు, వీధిదీపములు, పన్నుల పద్దులు దేశసేవకులకు దగిన పనులు కావని తలచువారు ఐర్లండు నాయకుడగు విలియం కాస్‌గ్రేవు చరిత్రమును బరికింపవలెనని మా మనవి.

1909లో నాతడు షిన్ ఫేన్ పక్షమున డబ్లిన్ నగరసభకు సభ్యుడయ్యెను. 1916 ఈస్టరు తిరుగుబాటున నాయుధము పట్టి మరణదండనకు గుఱియయ్యెను. పిదప నది యావజ్జీవ ఖైదుగా మారెను. మరుసటి యేడు విడుదలయై, కిల్కెన్నీ ఉపయెన్నికలో గెలిచియు బ్రిటిష్ పార్లమెంటు గడప ద్రొక్కలేదు. 1919లో ఐరిష్ జాతీయసభయగు డాయిల్ ఆతనికి స్థానిక పరిపాలనశాఖ నొప్పగించెను. 1920 ఎన్నికల పిమ్మట పెక్కు స్థానికసంఘములు ఆంగ్ల ప్రభుత్వమును గాదని యాతని శాఖకే లోబడినవి. పరాయి ప్రభుత్వపు పునాది యచ్చటనే కదలెను.

1922 మొదలు 1932 వఱకు నాతడు ప్రభుత్వమును నడపెను. అంతర్యుద్ధకాలమున 70కి పైగా స్వదేశీయులను గాల్చి చంపించుట యా ప్రభుత్వమునకు మాయని మచ్చ. దానిని మేము కప్పిపుచ్చము. అయినను 1932లో నోడినపుడు, నిన్నటి శత్రువగు డి వలేరాకే శాంతముగ నధికారము నప్పగించెను.

ఓటునకు దలయొగ్గుట చిన్న సభలలో నలవడినగాని పెద్ద సభలలో నిలువదని మా యభిప్రాయము. పురసభలను జిన్నచూపు చూచువారు స్వరాజ్యపు తొలిమెట్టునే త్రోసివేయుచున్నారు.