ఒకే చెట్టు గింజలు – ఎన్నో రకాల పండ్లు

వేసవిలో అడవి పక్క పల్లెల సంతల్లో తునికి పండ్లు అమ్ముతారు. బీడీ ఆకునిచ్చే చెట్టు పండ్లే ఇవి. మీరెప్పుడైనా తిన్నారా? ఒక చెట్టు పండు తేనెలా ఉంటుంది. పక్క చెట్టు పండు నాలుక మొద్దుబారేంత వగరుగా ఉంటుంది. ఒక దానిలో గింజలు ఎక్కువ, ఇంకొక దానిలో తక్కువ. జాతి ఒకటే అయినప్పుడు ఈ తేడాలెందుకు?

దీనికి జవాబు తునికికి దగ్గరి చుట్టమైన ఒక విదేశీ చెట్టులో బాగా కనిపిస్తుంది. దాని పేరు పర్సిమన్. రెండూ డయోస్పైరోస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. పర్సిమన్‌లలో ఒకటి చైనాలో పుట్టి జపాన్‌లో పేరు పొందింది. దాన్ని 'కాకి' అంటారు. మన నల్లని కాకికీ దీనికీ సంబంధం లేదు! పండు పెద్దదే గాని, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే ఆ చెట్టు బతకడం కష్టం. రెండవది అమెరికా తూర్పు ప్రాంతపు అడవి చెట్టు. ఫ్లోరిడా నుంచి కనెక్టికట్ దాకా పెరుగుతుంది. ఉత్తరాదిన పెరిగే వాటిలో కొన్ని మైనస్ 30 డిగ్రీల చలికి కూడా చావవు.

ఈ అడవి చెట్ల పండ్లను పక్కపక్కన పెట్టి చూడండి. కొన్ని 2 సెంటీమీటర్లు, కొన్ని 5 సెంటీమీటర్లు. కొన్ని పసుపు, కొన్ని ముదురు నారింజ రంగు. మంచు కురిస్తేగాని ఈ పండు తియ్యబడదని అక్కడ చాలామంది నమ్మకం. అది నిజం కాదు. కొన్ని చెట్ల పండ్లు మంచు రాకముందే, సెప్టెంబరులోనే పండుతాయి. వేసవి తక్కువగా ఉండే ఉత్తరాదిన ఈ గుణం చాలా విలువైనది. చెట్టు చలిని తట్టుకుంటే చాలదు, చలి రాకముందే పండు పండాలి కదా!

ఇంత వైవిధ్యానికి మూలం చెట్టు పుట్టుకలోనే ఉంది. పర్సిమన్‌లో సాధారణంగా మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. అందువల్ల ప్రతి గింజలోనూ తల్లి గుణాలు కొన్ని, తండ్రి గుణాలు కొన్ని కొత్తగా కలుస్తాయి. ఒకే పండులోని రెండు గింజలు కూడా అన్నదమ్ముల వంటివే, అచ్చు గుద్దినట్లు ఉండవు. పైగా ఈ జాతిలో 60 క్రోమోజోములున్న చెట్లూ, 90 ఉన్న చెట్లూ ఉన్నాయి. ఉత్తరాది చెట్లలో 90 ఉన్నవే ఎక్కువ.

మగ చెట్టు కాయదు. మరి దాని గుణం తెలిసేదెలా? ఆబోతు పాలివ్వదు, కాని దాని దూడలు పెరిగి ఈనితే ఆ పాడిని బట్టి ఆబోతు గుణం తెలుస్తుంది. ఇక్కడా అంతే. కూతురు చెట్లు కాపుకు వచ్చేదాకా ఏళ్ల తరబడి వేచి ఉండాలి.

అయితే కంటికి కనిపించే ప్రతి తేడా వంశం నుంచి వచ్చిందే కాదు. గింజల సంఖ్యనే తీసుకోండి. పుప్పొడి అందితే పండులో గింజలుంటాయి. పుప్పొడి అందకపోయినా కొన్ని ఆడ చెట్లు కాస్తాయి. ఆ పండ్లలో గింజలుండవు. అదే చెట్టు దగ్గర మగ చెట్టు ఉంటే గింజలు ఏర్పడవచ్చు. మరి ఏది వంశ గుణం, ఏది పరిసరాల ప్రభావం? తేల్చడానికి ఒక మార్గం ఉంది. రెండు చెట్ల కొమ్మలు తెచ్చి, ఒకే తోటలో, ఒకే రకం మొక్కలకు అంటు కట్టాలి. అప్పుడు కూడా తేడా నిలిస్తే అది వంశ గుణమే.

గింజ గురించి ఒక వింత నమ్మకం కూడా ఉంది. సపోటా గింజలా బల్లపరుపుగా ఉండే ఈ గింజను అంచు వెంట రెండుగా చీలిస్తే లోపల తెల్లని ఆకారం కనిపిస్తుంది. అది చెంచాలా ఉంటే ఆ శీతకాలం మంచు బాగా కురుస్తుందని అమెరికా పల్లెల్లో చెబుతారు. నిజానికి అది బీజదళాలతో కూడిన పసి మొక్క. రాబోయే మంచు సంగతి దానికేం తెలుసు?

మంచి చెట్టు దొరికితే గింజ నాటి దాన్ని మళ్లీ పొందలేం. అంటు కట్టాల్సిందే. ఇలినాయ్ రాష్ట్రంలో దొరికిన 'ఎర్లీ గోల్డెన్' అనే చెట్టు అంటుల ద్వారానే నేటికీ నిలిచింది. చలిని తట్టుకునే అమెరికా జాతినీ పెద్ద పండ్ల 'కాకి'నీ సంకరపరచి 1950లలో క్రిమియాలోని నికితా వృక్షోద్యానంలో కొత్త రకాన్ని కూడా సాధించారు. అడవిలో వైవిధ్యం లేకపోతే ఏరుకోవడానికి ఏముండేది?

ఈ వేసవిలో మీరొక పని చేయండి. రెండు తునికి చెట్లు ఎంచుకుని ఒక్కొక్క దాని నుంచి పది పండ్లు ఏరండి. రెండింటినీ కలపవద్దు. బరువు తూచండి, గింజలు లెక్కపెట్టండి, సగటు కట్టండి. తునికి దొరకకపోతే, సీతాఫలాలు వచ్చే కాలంలో వాటితోనైనా సరే. మీ ఊరి దగ్గర ఎక్కువ తియ్యని చెట్టు ఎక్కడుందో రాసిపెట్టుకోండి. అంటు కట్టకముందే ఆ చెట్టు గొడ్డలికి బలైతే, దాని గింజలు గంపెడు నాటినా అదే చెట్టు తిరిగి రాదు.