జ్ఞానోదయము: కాంట్ నిర్వచనము

పదునెనిమిదవ శతాబ్దపు ఐరోపా భావవిప్లవమును మనము ‘జ్ఞానోదయ’మని వ్యవహరించుచున్నాము. ఈ పదము వినగానే తెలుగు పాఠకునకు బోధివృక్షము క్రింద ధ్యానమగ్నుడైన గౌతముడు స్ఫురించును. ఏకాంతమును, అంతర్దర్శనమును దానికి సహచరభావములు. ఐరోపా పదములట్టివి కావు. ఫ్రెంచివారు బహువచనమున ‘వెలుగులు’ అనిరి. జర్మనుల ‘ఔఫ్‌క్లేరుంగ్’ శబ్దమునకు తేటపరచుట యని యర్థము. మన పదము వ్యక్తి పొందిన సిద్ధిని సూచించును. వారి పదము సమాజము ఎడతెగక చేయవలసిన పనిని సూచించును. ఈ భేదమును గమనింపనిచో ఆ యుగతత్త్వము మనకు సగమే బోధపడును.

ఆ తాత్త్వికులు ఏకసిద్ధాంతులు కారు. మాంటెస్క్యూ 1748లో అధికారవిభజనము స్వాతంత్ర్యమునకు రక్షయని నిరూపింపబూనెను. శాస్త్రకళాభివృద్ధి నీతిని పెంపొందింపలేదని రూసో 1750లో ప్రకటించెను. పుత్రహత్యారోపణముపై 1762లో తూలూజ్ నగరమున మరణశిక్ష ననుభవించిన జాన్ కాలాస్ పక్షమున వోల్టేరు లేఖిని పట్టెను. 1765లో కాలాస్ నిర్దోషిగా ప్రకటింపబడెను. వీరిని కలుపు సూత్రమొక్కటియే: ఎంతటి ప్రామాణ్యమైనను బహిరంగవిచారణకు లోబడవలెను.

ఈ సూత్రమును శాస్త్రీయముగా నిర్వచించినవాడు ఇమాన్యుయేల్ కాంట్. బెర్లిన్ మాసపత్రికలో ‘జ్ఞానోదయమనగా నేమి?’ యను ప్రశ్న 1783లో వెలువడగా, 1784 డిసెంబరులో అందులోనే ఆయన సమాధానము ప్రకటితమైనది. మానవుడు తన బుద్ధిని పరుల అదుపులో నుంచుకొనుట ఆయన దృష్టిలో స్వయంకృతమైన బాల్యదశ. ఒంటరి వ్యక్తి దానిని దాటుట దుష్కరము. స్వేచ్ఛ గల ప్రజాసమూహము దాటుట సుకరము. ఆయన బుద్ధివినియోగమును రెండు విధములుగా విభజించెను. పదవిలోనున్నవాడు పదవీధర్మమునకు లోబడి చేయునది వ్యక్తిగతవినియోగము. పండితుడై పాఠకలోకము నెదుట చేయునది బహిరంగవినియోగము. మతాచార్యుడు దేవాలయమున తన సంఘసిద్ధాంతమునే బోధింపవలెను; అందలి దోషములను గ్రంథముఖమున చర్చించుటకు మాత్రమతనికి సంపూర్ణస్వాతంత్ర్యముండవలెను.

ఈ విభాగము పదేండ్లలోనే పరీక్షకు గురియైనది. 1786లో ప్రష్యారాజు రెండవ ఫ్రెడరిక్ మరణించెను. ఆయన వారసుని పాలనలో 1788లో మతశాసనమును, ముద్రణనియంత్రణశాసనమును వెలువడెను. 1793లో కాంట్ మతవిషయకగ్రంథమును ప్రకటించెను. 1794 అక్టోబరులో రాజాజ్ఞ వచ్చినది: క్రైస్తవమూలసిద్ధాంతములను కించపరచితివనియు, ఇకమీదట అట్లు చేయరాదనియు దాని సారాంశము. డెబ్బదియేండ్ల కాంట్, తాను బోధకధర్మము నతిక్రమింపలేదని సమాధానమిచ్చి, మహారాజునకు విశ్వాసపాత్రుడైన ప్రజగా మతవిషయమున మౌనము వహింతునని మాట యిచ్చెను. 1797లో రాజు మరణింపగా, ఆ మాట ఆ రాజు జీవితకాలమునకే పరిమితమని భావించి, 1798లో ఆ లేఖలతోగూడ తన వాదమును ప్రకటించెను.

కొందరిందు పిరికితనమును, కొందరు యుక్తిని చూతురు. మనకు ముఖ్యమైనది వేరొకటి. రాజు నిరోధించినది తరగతిగదిలోని బోధనను మాత్రమే కాదు. సర్వదా స్వేచ్ఛగా నుండవలెనని కాంట్ కోరిన బహిరంగవినియోగమునే. ఆ మూడేండ్లు ఆయన బుద్ధి మందగింపలేదు, ఆలోచన ఆగలేదు. ఐనను ఆ విషయమున జ్ఞానోదయము నిలిచిపోయినది, ఏలయన వినుటకును ప్రతివాదించుటకును పాఠకలోకమునకు అవకాశము లేకపోయెను. గౌతముని బోధను ఏ రాజాజ్ఞయు ఆపజాలదు. కాంట్ చెప్పిన జ్ఞానోదయమును ఒక్క లేఖ ఆపగలిగినది. అనువాదపదమును వాడునపుడెల్ల పరిశోధకుడీ వ్యత్యాసమును స్మరింపవలెను.