ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ నిర్ధారణ

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ లేదా ఐ.బి.ఎస్. అనేది ప్రేగుల పనితీరుకు సంబంధించిన ఒక దీర్ఘకాలిక రుగ్మత. కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం, కడుపు ఉబ్బరం దీని ముఖ్య లక్షణాలు. ఈ రుగ్మతలో ప్రేగులలో పుండ్లు గాని, గడ్డలు గాని కనిపించవు. దీనిని నేరుగా చూపే రక్తపరీక్ష లేదా స్కానింగ్ ఏదీ లేదు. అందువలన మిగిలిన వ్యాధులేవీ లేవని తేలిన తరువాతనే దీనిని నిర్ధారించాలని పూర్వం భావించేవారు. ఈ పద్ధతిలో రోగికి ఖర్చు, ఆందోళన రెండూ పెరుగుతాయి. ప్రస్తుతం లక్షణాలను బట్టి, కొద్దిపాటి పరీక్షలతో నిర్ధారించడాన్ని నిపుణులు సిఫారసు చేస్తున్నారు.

నిర్ధారణ ప్రమాణాలు

లక్షణాల ఆధారంగా నిర్ధారించడానికి 1978లో మానింగ్ ప్రమాణాలు వెలువడ్డాయి. తరువాత వచ్చిన రోమ్ ప్రమాణాల నాలుగవ కూర్పు 2016లో ప్రచురితమైనది. దీని ప్రకారం గడచిన 3 నెలలలో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. దానితోపాటు ఈ క్రింది వాటిలో కనీసం రెండు ఉండాలి.

* నొప్పికి మలవిసర్జనతో సంబంధం ఉండడం
* రోజుకు లేదా వారానికి మలవిసర్జన జరిగే సంఖ్య మారడం
* మలం గట్టిగా లేదా పలుచగా మారడం

లక్షణాలు మొదలై కనీసం 6 నెలలు గడచి ఉండాలి. మలం రూపాన్ని 7 రకాలుగా చూపే బ్రిస్టల్ పట్టిక సాయంతో రోగికి మలబద్ధకం ప్రధానమా, విరేచనాలు ప్రధానమా, రెండూ కలసి ఉన్నాయా అన్నది తెలుసుకుంటారు.

ప్రమాద సూచనలు

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్ర నుండి లేపే విరేచనాలు, 45 ఏళ్ళు దాటిన తరువాత లక్షణాలు మొదలవడం, కుటుంబంలో పెద్దప్రేగు క్యాన్సర్ ఉండడం ప్రమాద సూచనలు. వీటిలో ఏది ఉన్నా కొలనోస్కోపీ వంటి తదుపరి పరీక్షలు అవసరమవుతాయి. భారతదేశంలో జ్వరంతో బరువు తగ్గుతున్న రోగిలో ప్రేగుల క్షయను కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

అవసరమైన పరీక్షలు

ప్రమాద సూచనలు లేనివారికి సాధారణంగా రక్తకణాల లెక్కింపు, శరీరంలో వాపును తెలిపే సి.ఆర్.పి. పరీక్ష సరిపోతాయి. విరేచనాలు ప్రధానంగా ఉన్నవారికి గ్లూటెన్ పడకపోవడం వలన కలిగే సీలియాక్ వ్యాధి కొరకు రక్తపరీక్ష, ప్రేగు వాపును గుర్తించే కాల్‌ప్రొటెక్టిన్ అనే మలపరీక్ష చేస్తారు. 45 ఏళ్ళలోపు వారికి ప్రమాద సూచనలు లేనపుడు కొలనోస్కోపీ మామూలుగా అవసరం లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లో సూచించింది.

ఖర్చు

డెన్మార్కులో 18 నుండి 50 ఏళ్ళ వయసు గల 302 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2013లో ప్రచురితమైనది. ఒక వర్గానికి లక్షణాలను బట్టి, రెండు రక్తపరీక్షలతో నిర్ధారణ చేశారు. మరొక వర్గానికి మలపరీక్షలు, ఎండోస్కోపీ కూడా చేశారు. ఏడాది తరువాత చూడగా రెండు వర్గాల ఆరోగ్య స్థితిలో చెప్పుకోదగిన తేడా లేదు. మొదటి పద్ధతికి ఖర్చు తక్కువైనది. క్యాన్సర్ గాని, సీలియాక్ వ్యాధి గాని ఎవరిలోనూ బయటపడలేదు.

ఒకసారి నిర్ధారణ జరిగిన తరువాత లక్షణాలు మారనంతవరకు పరీక్షలను మళ్ళీ మళ్ళీ చేయించవలసిన అవసరం లేదు. కొత్తగా ప్రమాద సూచన కనిపిస్తే మాత్రం వెంటనే వైద్యుని సంప్రదించాలి.