పోర్చుగల్ పాటల్లో ఓడ.. పటాన్‌చెరులో రైలు: ఈ రెండు పాటలకూ ఉన్న చుట్టరికం ఏంటి?

పటాన్‌చెరుకు సముద్రం చాలా దూరం. కానీ సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లో షిఫ్ట్ దిగిన బిహార్ కార్మికుడి ఫోన్‌లో మోగే భోజ్‌పురి పాటకూ, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పాడే 'ఫాడో' పాటకూ దగ్గరి చుట్టరికం ఉంది. అదెలాగో చూద్దాం.

ఫాడో అంటే ఏంటి?

లిస్బన్ రేవు పక్కన పేదల వాడల్లో 19వ శతాబ్దంలో పెరిగిన పాట ఇది. ఆ మాటకు అర్థం తలరాత. 2011లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఆ పాటల్లో ఓడ ఎందుకు?

పోర్చుగల్‌కు ఓవైపు స్పెయిన్, మరోవైపు అట్లాంటిక్ సముద్రం. బతుకుదెరువుకైనా, సాహసానికైనా ఓడే దారి. 1497లో వాస్కోడగామాతో బయల్దేరిన నావికుల్లో సగానికి పైగా తిరిగి రాలేదు. 1498లో కేరళలోని కోజికోడ్ చేరిన ఆ ప్రయాణం చరిత్ర పుస్తకాల్లో విజయం. ఒడ్డున మిగిలినవాళ్లకు మాత్రం అది ఎదురుచూపే. పాట ఆ ఎదురుచూపునే పట్టుకుంది.

ఈ బెంగను వాళ్లు 'సౌదాదె' అంటారు. ఒడ్డున ఉంటే సముద్రం పిలుస్తుంది, సముద్రంలో ఉంటే ఇల్లు గుర్తొస్తుంది. అందుకే ఫాడోలో ఓడ అంటే కుదురు లేని మనసు. ప్రఖ్యాత గాయని అమాలియా రోడ్రిగ్స్ పాడిన 'బార్కో నెగ్రో' అంటే నల్ల పడవ. అందులో అతను ఇక రాడని ఊరి ముసలమ్మలు చెప్తే, ఆమె ఒప్పుకోదు.

ఇష్టపడి వెళ్లారా?

అందరూ కాదు. పోర్చుగల్ పాలనలో ఉన్నప్పుడు కేప్ వెర్డె దీవుల పేదలు తోట పనుల కోసం సావో టోమె దీవికి ఓడల్లో వెళ్లారు. కరవు తరిమితే, పాలకులు ఒత్తిడి చేస్తే వెళ్లినవాళ్లే ఎక్కువ. 1992లో సెజారియా ఎవోరా పాడిన 'సొదాదె' ఆ దారి గురించే.

మన దగ్గర రైలే ఓడ

భోజ్‌పురిలోనూ ఇదే కథ. భిఖారీ ఠాకూర్ (1887-1971) రాసిన 'బిదేసియా' నాటకంలో భర్త పని కోసం కోల్‌కతా వెళ్తాడు, భార్య ఊళ్లో ఎదురుచూస్తుంది. మగవాళ్లను తీసుకెళ్లిపోయే రైలును, ఓడను తిట్టుకునే జానపద పాటలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. బిహార్, యూపీ నుంచి పటాన్‌చెరు వచ్చిన కార్మికులు ఆ పాటలు పుట్టిన ఊళ్లవాళ్లే.

తెలంగాణకూ ఇది కొత్త కాదు. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అన్న నానుడిలో ఒక తరం వలస మొత్తం ఉంది. ఒకప్పుడు మనవాళ్లు బస్సెక్కి, విమానమెక్కి వెళ్లారు. ఇప్పుడు వేరేవాళ్లు రైలెక్కి మన దగ్గరికొస్తున్నారు. పక్క గదిలో అర్థం కాని భాషలో మోగే పాటలో ఉన్నది కూడా మనింట్లో ఒకప్పుడు అడిగిన ప్రశ్నే: మళ్లీ ఎప్పుడొస్తావ్?